లెక్కకు రాని క్లాసు

ఆవిడ పోయారని నాకు ఫోన్ చేసి చెప్పింది తొండియార్‌పేటలో ఉండే మా పాత స్టూడెంటు. "మేడమ్ పోయినారు మిస్. మీకు చెప్పాలనిపించింది" అంది. ఏ మేడమని నేను అడగలేదు. మా ఇద్దరికీ మేడమంటే ఒక్కరే. షుగరు ముదిరిందట, గుండె ఆగిందట, రిటైరవడానికి ఇంకా కొంచెం టైముందట. అవన్నీ విన్నాను. ఆ తర్వాత చెప్పిన మాటకి మాత్రం ఒళ్ళు మండింది. కాలేజీలో సంతాప సభ పెట్టారట, సాయంత్రం ఆఖరి బెల్లు కొట్టాక. క్లాసులు పాడు కాకూడదని.

పోయాక కూడా ఆవిడని టైంటేబుల్‌కి బయటే ఉంచారన్నమాట.

నేనా కాలేజీలో చేరినప్పటికి ఈ ఊరింకా మద్రాసే. మాది తెనాలి వైపు. పెళ్ళయి కోడంబాక్కం వచ్చాను. మా ఆయన ఒక స్టూడియోలో ఎడిటింగ్ అసిస్టెంటు. నేను కాపురానికి వచ్చేసరికే తెలుగు సినిమా మూటాముల్లే సర్దుకుని హైదరాబాదు దారి పట్టింది. ఆయనకి నెలలో సగం రోజులు పని ఉండేది కాదు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది నా లెక్చరరు జీతంతోనే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆవిడ మీద నాకున్న కోపం ఏదో మాటా మాటా అనుకుని వచ్చిన కోపం కాదని తెలియాలి కాబట్టి.

తెలుగు డిపార్ట్‌మెంటంటే మెట్ల కింద గది. ఒక బీరువా, రెండు కుర్చీలు. ఒక కుర్చీ ఆవిడది, ఒకటి నాది. ఆవిడ పర్మనెంటు, హెడ్డు కూడా. నాది ఏటేటా నిలబెట్టుకోవాల్సిన పోస్టు. అది నిలబడేది గంటల మీద. వారానికి ఇన్ని గంటల పాఠం ఉంటే ఒక మనిషి, అంతకు బాగా ఎక్కువుంటే ఇద్దరు. గంటలు ఉండాలంటే క్లాసులు ఉండాలి, క్లాసులు ఉండాలంటే మొదటి భాషగా తెలుగు తీసుకునే పిల్లలు ఉండాలి. వాళ్ళేమో ఏటికేడు తగ్గిపోతున్నారు. మా ప్రిన్సిపాల్‌గారు వరండాలో ఎదురుపడితే చాలు, నవ్వుతూ "తెలుగు డిపార్ట్‌మెంట్ సుమ్మా దానే" అనేవారు. సుమ్మా అంటే ఊరికే. ఊరికే కూర్చుని జీతం తీసుకుంటున్నారుగా అని ఆయన ఛలోక్తి.

ఊరికే కూర్చున్నది ఎప్పుడో ఆయనకే తెలియాలి. రక్తదాన శిబిరమా, తెలుగు మేడమ్. లైబ్రరీలో పుస్తకాలు సరిచూడాలా, తెలుగు మేడమ్. కామర్స్ లెక్చరరు మామగారికి బాగాలేదా, ఆ క్లాసులో అల్లరి కాకుండా కూర్చోవడానికి తెలుగు మేడమ్. స్పోర్ట్స్ డే నాడు మిట్టమధ్యాహ్నం ఎండలో, సున్నం గీతల పక్కన, మెడలో విజిల్ వేసుకుని నిలబడ్డదీ ఆవిడే. ఒక్కసారి కూడా కాదనడం నేను చూడలేదు. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు తెలియక అన్నారా.

ప్యూను సర్క్యులర్ పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి రాగానే ఆవిడ పెన్ను మూత తీసేది. అందులో ఏముందో చూసేది కాదు. తన పేరు ఎదురుగా సంతకం పెట్టి, పుస్తకం వెనక్కిచ్చి, అప్పుడు ప్యూనునే అడిగేది, "ఏం పని చెప్పినారప్పా" అని.

"చదివి సంతకం పెట్టొచ్చుగా మేడమ్" అన్నాను చేరిన కొత్తలో.

"చదివితే ఏమన్నా మారతాదా పాపా? ఎట్టాగూ కాళ్ళు నొప్పి పెడతాయి. ఇంక కళ్ళు కూడా ఎందుకు?"

పొట్టి మనిషి. రెండు పక్కలా ముక్కుపుడకలు, ముతక నూలు చీర, ఒక పుల్ల వంగిపోయిన గొడుగు. వాళ్ళది ఉత్తరాన పాత బజార్లలో తరాలుగా పప్పుల వ్యాపారం చేసుకున్న కుటుంబం. మీవాళ్ళు ఈ ఊరికి ఎప్పుడొచ్చారని అడిగితే, "మా తాత ఎప్పుడొచ్చినాడో మా తాతకే తెలీదు" అనేది. పెళ్ళి చేసుకోలేదు, తొండియార్‌పేటలో తమ్ముడి ఇంట్లో ఉండేది. మధ్యాహ్నం పెరుగన్నం కిటికీ దగ్గర నిలబడి తినేది. కుర్చీ ఖాళీగా ఉన్నా సరే. కూర్చుంటే తీరిగ్గా ఉన్నావనుకుని ఎవరో ఒకరు పని పట్టుకొస్తారట, నిలబడి ఉంటే ఎక్కడికో బయలుదేరినావనుకుంటారట. ఆ ఎత్తు పారగా నేను చూడలేదు. నిలబడ్డా వచ్చేవాళ్ళు.

సుద్దముక్క చేతిలోకి తీసుకోగానే సగానికి విరిచేది. విరిస్తే బోర్డు మీద కీచుమనదని చెప్పింది. మనుషులకీ అంతేనేమోనని నాకు అప్పుడప్పుడు అనిపించేది, కానీ పైకి అనలేదు.

ఇంకొకటి ఉంది, ఆవిడ ఊతపదం. "కానీలే పాపా." పరీక్ష డ్యూటీ రెండు పూటలా వేస్తే కానీలే. మా గది ఫ్యాను విప్పి ఫిజిక్స్ వాళ్ళకిస్తే కానీలే. ఆ రెండు మాటలు వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నీకు కానీలే, నాకు కాదు కదా తల్లీ అని మనసులో తిట్టుకునేదాన్ని.

జూన్ వచ్చిందంటే ఆవిడ గొడుగు తీసేది. పిల్లలు ఏ కాలేజీలో చేరదామా అని చూసుకునే రోజులు. మేమిద్దరం తెలుగు ఇళ్ళు వెతుక్కుంటూ వీధులు తిరిగేవాళ్ళం. తొండియార్‌పేట, పాత బజార్లు, మా కోడంబాక్కంలో లైట్‌మ్యాన్ల ఇళ్ళు, మేకప్ వాళ్ళ ఇళ్ళు. ఎమ్మే తెలుగు చదివింది దీనికా అని నాకు ఏడుపొచ్చేది. గొడుగు కొనతో తలుపు తట్టి, "మేము కాలేజీ నుంచి వచ్చినాం, బిడ్డ చదువు గురించి మాట్లాడాల" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయేది.

మొన్న ఫోన్ చేసిన అమ్మాయి ఇంటికి అలాగే వెళ్ళాం. తండ్రికి పప్పుల అంగడి. "ఇంట్లో తెలుగేనమ్మా మాట్లాడేది. పిలకాయలకే అరవం అలవాటైపోయినాది. రాసేది ఎవురికీ రాదు, నాకే రాదు" అన్నాడాయన. అమ్మాయి ద్వారబంధానికి ఆనుకుని నిలబడి, తెలుగు తీసుకుంటే తప్పకుండా ఫెయిలవుతానని అరవంలో తేల్చి చెప్పింది. నేను లేవబోయాను. ఆవిడ లేవలేదు.

"మీ అవ్వ ఉండాదా ఇంట్లో?"

"ఉండాది."

"నీ మీద కోపమొస్తే ఏమని తిడతాది?"

ఆ పిల్ల లోపలికోసారి చూసి, నవ్వాపుకుంటూ తెలుగులోకి దిగింది. "నీ నోట్లో మన్ను పడ, పొద్దెక్కిందాకా ఏం నిద్రే నీకు, అంటాది."

లోపల్నుంచి ముసలావిడ గొంతు. "నేనెప్పుడంటినే?"

"పొద్దన్నే గదా అన్నావు."

మేడమ్ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "చూస్తివా, తెలుగు వచ్చేసింది నీకు. రాసేది ఒకటే మిగిలింది. అది నేను నేర్పిస్తా. మొదట ఆ తిట్టే రాయిస్తా, సరేనా?"

అలా చేరారు మాకు పిల్లలు. డిగ్రీ మొదటి ఏడాదికి వచ్చి, 'అ' ఎటు తిరుగుతుందో తెలియని పిల్లలు. వాళ్ళకోసం ఆవిడ పొద్దున్నే, మొదటి బెల్లుకి ముందే, క్లాసు పెట్టింది. నేను కోడంబాక్కం స్టేషన్లో రైలెక్కి, దిగి, మళ్ళీ బస్సు పట్టుకుని ఆవేళకి చేరాలంటే ఇంట్లో అన్నం వార్చకుండానే పరుగెత్తాలి. ఆ క్లాసులో పాఠ్యపుస్తకం ఉండేది కాదు. ఒక్కొక్కరూ ఇంట్లో తిన్న తిట్లు చెప్పాలి, వాటినే రాయాలి. అవ్వల తిట్లు, అత్తల తిట్లు, మేనమామల తిట్లు. తెలుగొచ్చిన పెద్దమనిషి ఎవరైనా ఆ బోర్డు చూసుంటే మమ్మల్ని కాలేజీలోంచి తరిమేవాడు. పిల్లలు మాత్రం పడీ పడీ నవ్వుతూ గుణింతాలన్నీ పట్టేశారు. ఇంట్లో వినబడే మాట కళ్ళకి కనబడుతుంటే వాళ్ళ ముఖాలు చూడాలి. సంక్రాంతి సెలవులు దాటేసరికి పాఠ్యపుస్తకం గడగడ చదివేవాళ్ళు. అది మాత్రం నేను కాదనను. అంత బాగా నేర్పే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నా గొడవల్లా ఒకటే. ఆ క్లాసు టైంటేబుల్‌లో లేదు. చెప్పేది మేము, అలిసేది మేము, కాగితం మీద ఆ గంట లేనే లేదు.

"దీన్ని టైంటేబుల్‌లో పెట్టించండి మేడమ్. గంటలు పెరిగితే నా పోస్టుకి బలం" అన్నాను.

"పెట్టిస్తే ఏమవుతాది? అక్షరం రానోళ్ళని చేర్చుకున్నారని తెలుస్తాది. అందర్నీ తమిళానికి తోసేస్తారు. అప్పురం నువ్వేడ, నేనేడ? నోరు మూసుకోని ఉండాల పాపా. మనం చేసేది ఎవురికీ తెలీకూడదు."

పిల్లలకి కూడా అదే నూరిపోసింది. ఎవరైనా అడిగితే తెలుగు స్కూల్లోనే నేర్చుకున్నామని చెప్పండి, ఈ పొద్దున క్లాసు మాటెత్తకండి అని. ఇప్పుడు తలుచుకుంటే నాకు కడుపు రగిలేది అందుకే. ఆ మాట చెప్పింది నేను కాదు, ఆవిడే.

ఏ డిపార్ట్‌మెంటుకి ఎంతమంది అవసరమో చూడటానికి ఆ పప్పుల అంగడి అమ్మాయి చేరిన ఏడాదే పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. ప్రిన్సిపాల్‌గారు ముందే నవ్వుతూ మా గది చూపించి ఉంటారు. ఆ పెద్దమనిషి నెమ్మదైన తమిళాయన, చేతిలో తోలుసంచీ. మిగతావాళ్ళ దగ్గర కాగితాలు చూసి వదిలేశాడు. మా దగ్గర మాత్రం క్లాసులో కూర్చుంటానన్నాడు. ఏం పొద్దుపోకో, నిజంగా ఆసక్తో తెలియదు.

ఆవిడ పాఠం చెబుతోంది. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. ఆయన వెనక బెంచీ నుంచి లేచి, పప్పుల అంగడి అమ్మాయిని పుస్తకం తీసి చదవమన్నాడు. ఆ పిల్ల నిలబడి ఒక పేజీ చదివింది. ఎక్కడా తడుముకోలేదు. వత్తులు కూడా పొల్లుపోలేదు. పోస్టు దక్కినట్టే అనుకున్నాను.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇంత బాగా?" అని అడిగాడాయన అరవంలో.

"స్కూల్లో సార్" అంది ఆ పిల్ల, నేర్పించినట్టే.

"మంచి స్కూలు" అన్నాడాయన.

అంతే. అక్కడితో అయిపోవాలి. ఆయన సంచీ అందుకున్నాడు కూడా. ఆవిడ సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"లేదు సార్."

నేను గుమ్మంలోంచి తల అడ్డంగా ఊపాను. చెయ్యి కూడా ఊపాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"స్కూల్లో ఎవురూ నేర్పించలేదు సార్. జూన్‌లో ఈ బిడ్డకి ఒక్క అక్షరం రాదు. ఈడ ఉండేవాళ్ళలో సగం మందికి రాదు. మేమే నేర్పించినాం, పొద్దన్నే వచ్చి."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "ఎలా నేర్పించారు?" అన్నాడు.

అన్నేళ్ళలో ఆవిడ అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. అరవంలో మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోకి వచ్చి, మళ్ళీ అరవంలోకి వెళ్ళి చెప్పింది. అవ్వల తిట్లు చెప్పింది. ముందు ఏ అక్షరం, తర్వాత ఏది, ఎందుకలా, అన్నీ చెప్పింది. సుద్దముక్క విరిచి బోర్డు మీద రాసి చూపించింది. పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వెళ్ళేముందు లేచి నిలబడి ఆవిడకి నమస్కారం పెట్టి, తన సర్వీసులో ఇలాంటిది చూడలేదన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడ పెరుగన్నం కుర్చీలో కూర్చుని తింది. డబ్బా పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నెమ్మదిగా తింది. ప్యూను వచ్చి నిలబడితే, "ఉండప్పా, తినేసి చూస్తా" అంది.

కొన్నాళ్ళకి ప్రిన్సిపాల్‌గారు ఇద్దర్నీ పిలిచారు. పై ఆఫీసు నుంచి వచ్చింది చదివి వినిపించారు. తెలుగు బోధన చాలా మెచ్చుకోదగినది అని మొదలైంది. ఆ పెద్దమనిషి మాట తప్పలేదు, పొగడాల్సినంతా పొగిడాడు. తర్వాత వచ్చింది అసలు సంగతి. టైంటేబుల్ బయట కూడా పాఠాలు చెప్పగలుగుతున్నారంటే ఉన్న సిబ్బందికి తీరిక ఉన్నట్టే. కాబట్టి పిల్లలందర్నీ ఒక్క క్లాసుగా కలిపి కూర్చోబెట్టవచ్చు. రెండో పోస్టు అవసరం లేదు.

"చూశారా, మీకెంత మంచి పేరొచ్చిందో" అన్నారు ప్రిన్సిపాల్‌గారు ఆవిడతో. నాతో ఏమీ అనలేదు.

మెట్ల కింద గదికి వచ్చాక నేను తలుపు వేశాను. పెద్దామె, గురువులాంటిది, అవేవీ చూడలేదు. కూర్చున్న కొమ్మ నరుక్కునేవాళ్ళని విన్నాను గానీ, ఇంకొకరు కూర్చున్న కొమ్మని నరికేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానన్నాను. నోరు మూసుకోమన్నది మీరే కదా, ముక్కుపచ్చలారని పిల్ల నోరు మూసుకుంది, మీకు మూసుకోవడం చేతకాలేదా అన్నాను. మా ఇంటి సంగతి మీకు తెలియదా అన్నాను. ఆవిడ అన్నీ విన్నది. చేతులకంటిన సుద్ద చీరకొంగుతో తుడుచుకుంది. ఎక్కడ కానీలే పాపా అంటుందోనని చూశాను. అనుంటే ఆ గొడుగుతోనే కొట్టుండేదాన్ని.

"తప్పే పాపా" అంది చివరికి. "నాకు తెలుసు, తప్పే. నీ కూడు నేలపాలు చేసినాను. కానీ ఆయన అడిగినాడు. ఇన్నేండ్లుగా ఈడ పని చేస్తా ఉండా. ఆడ పో, ఈడ నిలబడు, దాన్లో సంతకం పెట్టు, ఇదే గదా చెప్పింది అందరూ. ఎట్టా నేర్పిస్తా ఉండావని ఒక్కరన్నా అడిగినారా? ఆ పేరంతా స్కూలుకి పోతా ఉంటే నా నోరు ఆగలేదు పాపా."

అదంతా విన్నాను. కోపం మాత్రం అలాగే ఉంది. తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను.

తర్వాత ఆవిడ ప్రిన్సిపాల్ గదికి తనంతట తాను వెళ్ళి, నన్ను ఉంచమని నిలబడి అడిగిందని ప్యూను చెప్పాడు. ఉపయోగం లేదు. నా క్లాసులన్నీ ఆవిడ నెత్తినే పడ్డాయి. పొద్దున క్లాసు కూడా మానలేదట. పని ఎక్కువై ప్రాణం పోయిందని నేననను. డాక్టర్లు షుగరన్నారు, వాళ్ళ మాటే నిజమనుకుందాం.

నాకు ఏడాది పైన ఉద్యోగం దొరకలేదు. ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పుకుంటే సిగ్గుచేటు. చివరికి మైలాపూరులో ఒక మెట్రిక్యులేషన్ స్కూల్లో చేరాను. కాలేజీ లెక్చరర్ని ఆరో క్లాసుకి తెలుగు పంతులమ్మనయ్యాను. అక్కడ ఒకటే నియమం పెట్టుకున్నాను. చెప్పిన పని చెయ్యడం, బెల్లు కొట్టగానే ఇంటికి పోవడం, నోరు మూసుకోవడం. నియమం పెట్టుకున్నాను గానీ, అక్షరాలు రాని పిల్లలు కొందరుంటే మధ్యాహ్నం అన్నాల గంటలో పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. మీ అవ్వ ఏమని తిడుతుందిరా అని అడిగేదాన్ని. ఇది ఎవరికీ చెప్పలేదు.

తొండియార్‌పేట నుంచి ఫోన్ వచ్చిన వారంలోనే మా స్కూలు కరస్పాండెంటుగారు క్లాసులు చూస్తూ నా క్లాసుకి వచ్చారు. వెనక బెంచీలో ఒక పిల్లాణ్ణి చదవమన్నారు. వాడు గడగడ చదివాడు. ఆయనకి వాడి మార్కులు గుర్తున్నట్టున్నాయి, ఆశ్చర్యపోయారు.

"వీడికి ఎలా నేర్పించారు మేడమ్?" అన్నారు.

సరైన జవాబు నాకు తెలుసు. పిల్లాడు తెలివైనవాడండీ అనాలి. అని ఊరుకోవాలి. ఆ జవాబు తెలియడానికి నేను చెల్లించినంత ఎవరూ చెల్లించి ఉండరు.

అన్నీ చెప్పాను. అన్నాల గంట సంగతి చెప్పాను, అవ్వల తిట్లు చెప్పాను, ముందు ఏ అక్షరమో, ఎందుకో చెప్పాను. సుద్దముక్క విరిచి బోర్డు మీద రాసి చూపించాను. ఆయన నిలబడి విన్నారు. చాలా బాగుందన్నారు. నాకు ఇంటికి వెళ్ళేదాకా కాళ్ళు నేల మీద ఆనలేదు.

సోమవారం పొద్దున ఆయా సర్క్యులర్ పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కొత్త టైంటేబుల్ అయుంటుంది, అన్నాల గంట తర్వాత నాకున్న ఒకే ఒక్క ఖాళీ పీరియడ్ కూడా నింపేసి ఉంటారు. పెన్ను మూత తీసి, చదవకుండానే సంతకం పెట్టాను.